తలపుకాపు

చెల్లెలి ముఖం మళ్లీ గుర్తుకు రాబోతుండగా హైమవతి చెవి వెనకున్న తలపుకాపు చల్లగా తగిలింది. అంతే, మనసు నానబోయాల్సిన శనగల మీదికి మళ్లింది.

ఆ కాలంలో అందరికీ చిన్నప్పుడే స్వభావ పరీక్ష చేసేవారు. ఒకే ఆలోచనను తిప్పి తిప్పి నూరుకునేవారికి, తమ తప్పును తామే మన్నించుకోలేనివారికి దిగులు జబ్బు పట్టే ముప్పు ఎక్కువ. అలాంటివారికి చెవి వెనక ఈ తలపుకాపు బిళ్ల పెట్టేవారు. తలపు సుడి తిరగబోతే పక్కకు మళ్లిస్తుంది. అక్కచెల్లెళ్లిద్దరికీ ఉంది. వాళ్ల తల్లి కాలంలో లేదు. ఆవిడ ఏళ్ల తరబడి గోడవైపు తిరిగి పడుకునేది. అందుకే హైమవతి దసరాకు ఆ బిళ్లకూ బొట్టు పెట్టేది.

మర్నాడు శ్రావణ శుక్రవారం. తలంటుకోవడానికి బిళ్ల తీసింది. జుట్టు ఆరేదాకా పెట్టుకోకూడదు. మిగతా తలంట్లప్పుడు ఆ కాస్త వ్యవధి ఏదో పనిలో గడిచిపోయేది; ఈసారి వ్రతం రోజు కావడంతో తలపు తెగకుండా చివరిదాకా వచ్చింది.

నిరుడు వ్రతంలో హైమవతి పేరంటాళ్లకు బొట్టు పెడుతూ, ఆ ఏడే భర్త పోయిన చెల్లెలు సువర్చల దగ్గరికి వచ్చేసరికి కుంకుమ భరిణె మూసేసింది. "నువ్వు కాస్త అవతల కూర్చోవే, పద్ధతి తప్పకూడదు" అంది. పూజలో ఆవగింజంత లోపం ఓర్చుకోలేని మనిషి. ఏడాదిగా ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా బిళ్ల తప్పించేసింది. మన్నించమని అడగాలన్న చోటికి తలపు ఏనాడూ చేరలేదు.

తడి జుట్టుతోనే పక్కవీధికి పరుగెత్తింది.

"పూజ పెట్టుకుని ఈ అవతారమేంటక్కా? దెయ్యాలు జడుసుకుంటాయి!" అంది సువర్చల.

"నిరుడు నిన్ను అవతల కూర్చోమన్నాను. తప్పయిపోయిందే."

"ఓస్, అదా! నాకేం లేదు. కాఫీ తాగుతావా?" నవ్వేసింది సువర్చల.

ఆ నవ్వులో కోపం లేదు, నొప్పీ లేదు. నొప్పే తెలియని మనిషి దేన్ని మన్నిస్తుంది? బిళ్లకు బొట్టు పెట్టి, ఇన్నాళ్లూ అమ్మవారి దయ అనుకున్నది ఇదేనా?

"ఒక్కసారి నీ కాపు తీయవే."

"తీస్తే ఏడుస్తానేమో."

"నేనున్నాగా."

సువర్చల తీసి గట్టు మీద పెట్టింది. గ్లాసులు కడుగుతూ కడుగుతూ ఆగిపోయింది.

"ఊరంతా అవతల కూర్చోమన్నా నువ్వు అనకూడదుగా అక్కా! తోడబుట్టినదానివి. అంతమంది ముందు ఆ భరిణె ఎలా మూశావు? నీకు చేతులెలా వచ్చాయి?"

హైమవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

సువర్చల కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంకా ఉంది" అంది.

"చెప్పవే" అంది హైమవతి, పీట దగ్గరికి జరుపుకుని.