గెంటుడంకె

నలభై రెండో స్లైడు తెర మీదికి వచ్చింది. యంత్రం చదివి అంకె వేస్తుంది, సువార్త చూసి ‘అవును’ మీద బొటనవేలు ఆనిస్తుంది. కాకినాడ కణజాల కేంద్రంలో ఆమె ఉద్యోగం పేరు ‘రెండో కన్ను’. పేరు గొప్ప, ఊరు దిబ్బ. స్లైడుకు ఇరవై సెకన్లే ఇస్తారు. తొమ్మిదేళ్లలో ఆమె ‘కాదు’ నొక్కింది లేదు.

గెంటు జన్యువు మేల్కొన్న కణం, లోపలికి వచ్చిన మందును వచ్చినట్టే బయటికి తోసేస్తుంది. ఆ జన్యువు ఉన్నచోట స్లైడులో రంగు ముదురుతుంది. కణితిలో దాని అంకె మూడు పడితే మందు దండగని లెక్క. రోగి చేతిలో ఊదా చీటీ పెట్టి చివరి వార్డుకు పంపుతారు.

వాసుపల్లి గంగాభవాని, నలభై ఆరేళ్లు. పేగు నుంచి కాలేయానికి పాకిన కణితి. అంకె మూడు.

సువార్త వేలు ఆగింది. ముదురు రంగంతా ఒక అంచునే, వరస తప్పని కణాల్లో ఉంది. చిందరవందరగా ఉన్న కణితి మాత్రం పాలిపోయి ఉంది. ముక్క తీసిన సూదికి మంచి కాలేయం కూడా తగిలింది. యంత్రం రెండింటినీ కలిపి లెక్కేసింది. ఆమె పర్యవేక్షకుడు వీరభద్రాన్ని పిలిచింది.

“ఈ రంగు కణితిది కాదండి. పక్కనున్న మంచి కాలేయానిదండి. విషాన్ని బయటికి గెంటడం దాని పనే కదండీ.”

“తెలుసమ్మా. కాలేయం ముక్కలు చాలావాటికి అలాగే పడతాది.”

“తెలుసాండీ?”

“తెలిసి మూడేళ్లయింది. పైకి రాశాను, ఉలుకూ లేదు పలుకూ లేదు. నువ్వు కాదని నొక్కితే అన్ని అంకెలూ అనుమానమే, మందులన్నీ ఆగిపోతాయి. కింద రెండొందల మంది కూర్చున్నారు. ఈ పూట తప్పితే తట్టుకోలేనోళ్లున్నారు అందులో. ఒక్క మనిషి కోసం అంతమందినీ ఆపేస్తావా?”

“ఒక్క మనిషేనాండీ?”

సువార్తకు భయం వేసింది. అంతకంటే ఎక్కువగా, ఇన్నేళ్లూ కళ్లుండీ చూడనందుకు తన మీద తనకే రోత పుట్టింది. ‘కాదు’ నొక్కింది.

కింది అంతస్తులో మందు యంత్రాలు ఒక్కసారిగా కూశాయి. “ఆగిపోయిందేటండీ? మా నాన్నకి సగమే ఎక్కిందండీ!” అని ఎవరో ఆడమనిషి అరుస్తోంది. ఆ కేక సువార్త గుండెల్లో దిగింది. తెర మీద ప్రశ్న వచ్చింది: ఏ తేదీ నుంచి తిరిగి చదవాలి?

“ఇవాళ్టి తేదీ వెయ్యమ్మా, చాలు,” వీరభద్రం బతిమాలాడు. “పోయినోళ్లని ఇప్పుడేం చేస్తాం?”

ఆమె తాను ఉద్యోగంలో చేరిన తేదీ వేసింది.

కాలేయం ముక్కలకు మూడో అంకె పడిన పేర్లు వరుసగా దిగాయి. వెయ్యిన్నీ పద్దెనిమిది. చనిపోయినవాళ్ల పేర్లు బూడిద రంగులో, బతికున్నవాళ్లవి నలుపులో ఉన్నాయి. నల్లవి పదకొండు. సువార్త వాటిలో మొదటి పేరుకు ఫోను కలిపింది.