పద్నాలుగంగుళాల దూరం

"మీ చూపు బాగానే ఉంది. నాటకమే కాస్త ఎక్కువైంది," అంది కళ్లద్దాల షాపులో పరీక్ష చేసే అమ్మాయి, చేతిలోని లెన్సును తిరిగి పెట్టెలో పెట్టేస్తూ.

అతని ముక్కు మీద ఇంకా ఆ బరువైన పరీక్ష ఫ్రేము ఉంది. దాన్ని పెట్టుకుని ఏ మగవాడూ గౌరవంగా వాదించలేడు.

ఇరవై రోజుల్లో ఇది మూడోసారి రావడం. మొదటిసారి దగ్గరి అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే అద్దాలిచ్చింది. రెండోసారి అవి చాలడం లేదంటే పవర్ పెంచింది. ఇవాళ సాయంత్రం వచ్చి, ఆ అద్దాలతో కళ్లు లాగుతున్నాయన్నాడు. తీరా చూస్తే అసలు అద్దాలే లేకుండా అక్షరాల కార్డు అడుగు వరస గడగడా చదివేశాడు. ముప్పై నిండని కళ్లు వారానికో రకంగా మారవు.

"నన్ను చూడాలనుకుంటే ఆరింటికి ఎదురు టీకొట్టులో ఉంటాను. దానికి అద్దాలు కొనక్కర్లేదు."

నిజం చెప్పే వీలు ముందే ఒకసారి వచ్చింది. మొదటిరోజు అతని వివరాల కార్డు నింపుతూ "మందులేమైనా వాడుతున్నారా?" అని ఆమె అడిగింది. ఆమె అడగడం పూర్తికాకముందే అతను లేదన్నాడు. మూడేళ్ల కిందట, పని చేసేచోట అరగదీసే మిషను తనను పేరుపెట్టి పిలుస్తోందని అతనికి వినిపించేది. అప్పటినుంచి రెండు మాత్రలు. పడుకునే ముందు వేసుకునే పెద్దమాత్ర ఆ గొంతును దూరంగా ఉంచుతుంది. పొద్దున తిన్నాక వేసుకునే చిన్నమాత్ర, పెద్దమాత్ర వల్ల ఒళ్లు బిగుసుకుపోకుండా చూస్తుంది. ఈ మసక వాటివల్లేనేమోనని కొన్నాళ్లుగా అనుమానం.

ఆమె కోసం వేషాలు వేశాడనిపించుకోవడం తేలిక. మాత్రల మీద నడిచే మనిషి అనిపించుకోవడం కష్టం.

"దొరికిపోయాను," అన్నాడు.

విచిత్రమేమిటంటే ఆ మాటలో సగం అబద్ధం కాదు.

ఆమెకు కోపం వచ్చింది. తన పనితో ఆటలేమిటని, కళ్లు చూసే మిషను పాడైందేమోనని రెండు వారాలుగా తను హడలి చస్తున్నానని కడిగేసింది. ఫ్రేము తీస్తూ మాత్రం నవ్వింది. పై వరసలో ఒక కోరపన్ను పక్కదాని భుజం మీదికి ఎక్కి తొంగిచూస్తున్నట్టుంది. అతను కట్టుడుపళ్లు తయారుచేస్తాడు. మనుషుల్లో ముందు పళ్లే చూస్తాడు.

అలా టీలు మొదలయ్యాయి. వాన పడితే కొట్టు రేకు కింద ఇద్దరూ ఒకే బల్ల మీద ఇరుక్కునేవారు. ఆమె మాట్లాడుతుంటే అతను నోటివంకే చూసేవాడు. నన్ను చూస్తున్నారా, కొలత తీసుకుంటున్నారా అని ఆమె ఏడిపించేది. ఆ పన్ను సరిచేయించుకోమని చుట్టాలంతా పోరుతున్నారంది ఒకరోజు.

"నా చేతికొస్తే అలాగే ఉంచేస్తాను. ఇంత బాగా వంకరగా చెయ్యడం మాలో ఎవరికీ రాదు."

ఆమె గ్లాసు అడ్డం పెట్టుకుని చాలాసేపు టీ తాగింది. గ్లాసులో టీ ఎప్పుడో అయిపోయింది.

పనిలో మాత్రం పరిస్థితి బాగాలేదు. పొద్దునపూట మైనంలో పన్ను అంచు చెక్కబోతే రెండు అంచులు కనబడేవి. నోట్లో కూర్చోవడం లేదంటూ రెండు సెట్లు తిరిగొచ్చాయి. యజమాని తిట్టకుండా అతనికి ప్లాస్టరు అచ్చులు పోసే మోటుపని అప్పగించాడు, అంతే. అదే అతన్ని తినేసింది. మానేస్తే? చిన్నమాత్ర ఒక్కటే ఎందుకు, రెండూ మానేస్తే? ఏ మాత్రా లేని మనిషిగా ఆమె పక్కన కూర్చుంటే? ఒకసారి అలాగే, బాగైపోయానుకదా అని మానేశాడు. తొమ్మిదోరోజున మిషను మళ్లీ పిలిచింది. అది గుర్తుంది. గుర్తుండీ ఆలోచిస్తున్నాడు.

శనివారం పొద్దున టీకొట్టులో ఆమె మడిచిన కాగితం ఒకటి బల్ల మీదుగా నెట్టి, రోడ్డువైపు చూస్తూ కూర్చుంది. నాటకమని ఒప్పుకున్నాక ఆమె ముందు అతను అద్దాలు పెట్టుకోవడం లేదు. విప్పితే బూడిదరంగు చార. చీమల బారులా ఉంది ఆమె రాత. ఆమె పెదాల కొసన ఏదో దాగుంది కాబట్టి జోకేనని లెక్కవేసి, పకపకా నవ్వి, కాగితం జేబులో పెట్టుకున్నాడు.

"అంతేనా?"

"చాలా బాగుంది."

ఆమె సగం టీ వదిలేసి లేచి వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి అక్క దండెం మీద బట్టలు ఆరేస్తోంది. కాగితం చేతికిచ్చి చదవమన్నాడు.

"'ఆదివారం పదకొండుకి మా ఇంటికి రండి. అమ్మకి మీ గురించి చెప్పాను. మీకిష్టమైతేనే,'" అని చదివి అక్క తలెత్తింది. "ఏమన్నావు దీనికి?"

"నవ్వాను."

"ఇది చదివి నవ్వావురా?"

"చదవలేదక్కా. కనబడలేదు. మాత్రలు మానేద్దామనుకుంటున్నాను."

అక్క చేతిలో తడిచొక్కా అలాగే ఆగిపోయింది. "కనబడటం లేదని డాక్టరుగారికి చెప్పావా?"

చెప్పలేదు. తలనొప్పి అన్నా, నిద్ర రాలేదన్నా, మళ్లీ మొదలైందా అన్నట్టు అందరి కళ్లూ తనమీదికి తిరుగుతాయి. అందుకే కొన్నాళ్లుగా అతను దేన్నిగురించీ చెప్పడం మానేశాడు. ఆమాటే అన్నాడు.

"నేనూ అలా చూస్తానా?"

"చూస్తావు."

"సరే, చూస్తాను. భయపడ్డదాన్ని, చూడక ఏం చేస్తాను? అయినా చెప్పు. చెప్పకుండా మానెయ్యకు."

మధ్యాహ్నం అతను షాపుకు వెళ్లాడు. ఇచ్చిన అద్దాలు వెనక్కి తీసుకోమండీ, అంది ఆమె తలెత్తకుండానే. అతను వెళ్లి పరీక్ష కుర్చీలో కూర్చున్నాడు.

"మందులేమైనా వాడుతున్నారా అని అడిగారు కదా. మళ్లీ అడగండి."

ఆమె అతని కార్డు తీసి, ఎవరినైనా అడిగినట్టే అడిగింది. అతను రెండు మాత్రల పేర్లూ చెప్పాడు. ఎందుకు వేసుకుంటాడో చెప్పాడు. మిషను సంగతీ చెప్పాడు. కలం ఒకచోట ఆగింది. ఆగి మళ్లీ కదిలింది.

"చిన్నమాత్ర ఎన్నింటికి?"

"పొద్దున ఎనిమిదిన్నరకి."

ఆమె మూడు పరీక్షల టైములూ చూసింది. పదకొండు. పన్నెండు. సాయంత్రం ఐదున్నర. మసక చిన్నమాత్ర వెంట వచ్చి సాయంత్రానికి దిగిపోతోంది. కలానికి మూత పెట్టింది.

"అయితే నా మిషను బాగానే ఉందన్నమాట."

ఎన్నో జవాబులకు సిద్ధపడి వచ్చినవాడు దీనికి మాత్రం సిద్ధంగా లేడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె కూడా నవ్వేసింది.

మానేద్దామనుకున్నానని చెబితే నవ్వు ఆపింది. "అది మీరూ నేనూ తేల్చేది కాదు. అద్దాలు నా పని, మాత్రలు డాక్టరుగారి పని." మూడు పరీక్షల ఫలితాలూ, టైములూ ఒక కాగితం మీద రాసిచ్చింది, ఈసారి పెద్ద అక్షరాలతో. "అయితే ఆరోజు నాటకమన్నది అబద్ధం."

"అక్షరాల వరకే. మిమ్మల్ని చూడాలనుకోవడం నిజమే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కాగితం చదవలేకే పొద్దున నవ్వానని, అందులో అడిగినదానికి కళ్లు కుదుటపడ్డాక జవాబు చెబుతానని, ఈలోగా ఆమెనూ ఆలోచించుకోమని అన్నాడు. ఆలోచించడానికేముందని ఆమె అనలేదు.

"ఆలోచించుకుంటాను," అంది. ఆ నిజాయితీ అతనికి తీపిమాటలకన్నా ఊరటనిచ్చింది.

డాక్టరుగారు కాగితాన్ని రెండుసార్లు చదివారు. ఈ మసకతోనే మిషను దగ్గర పనిచేస్తున్నావా అని మందలించారు. పెద్దమాత్ర మోతాదు తగ్గి ఏడాదైంది కాబట్టి చిన్నదాన్ని మెల్లగా తగ్గించి చూద్దామన్నారు. చేతులు వణికినా, ఒళ్లు బిగుసుకున్నా వెంటనే రమ్మన్నారు. పెద్దమాత్రను మాత్రం తనకు చెప్పకుండా ఒక్కరోజు కూడా మానొద్దన్నారు. నోరెండిపోవడం, బరువు పెరగడం అన్నీ అడిగి రాసుకున్నారు. ఎవరూ మళ్లీ మొదలైందా అన్నట్టు చూడలేదు. వెంట వచ్చిన అక్క మాత్రం చూసింది. చూసి, తనే తల తిప్పుకుంది.

నాలుగు వారాల తర్వాత షాపునుంచి ఫోను. పరీక్షకు సరిగ్గా పదకొండుకే రావాలట.

కుర్చీలో కూర్చోగానే, నా కాగితం ఉందా అని అడిగింది ఆమె. జేబులో ఉండి ఉండి మడతల దగ్గర చిరుగుపట్టింది. దాన్ని విప్పి, దగ్గరి చూపు పరీక్షకు పెట్టే పద్నాలుగంగుళాల దూరం స్కేలుతో కొలిచి, అతని కళ్లముందు పట్టుకుంది.

అతను చదివాడు. చీమల్లో ఒక్కొక్క చీమా విడివిడిగా కనబడింది.

"ఏ ఆదివారమో రాయలేదు మీరు."

"అందుకే ఇంకా చెల్లుతుంది." ఆమె కాగితం కాస్త పక్కకి జరిపి అతన్ని చూసింది. "మాత్రల సంగతి అమ్మకి నేను చెప్పనా?"

"వచ్చినప్పుడు నేనే చెబుతాను."

"ఇష్టమైతేనే అని రాశాను."

"చదివాను," అన్నాడు అతను. "అదే ముందు చదివాను."

ఆమె కాగితం దించేసింది. పట్టపగలు పదకొండింటికి ఆ వంకర పన్ను అతనికి మొదటిసారి ఒకే అంచుతో కనబడింది.