వేప చుట్టూ పలకల అరుగు

తర్లుపాడు దారిలో మా ఇల్లు. వాకిట్లో పెద్ద వేపచెట్టు ఉండేది. నా పెనిమిటి శివయ్య ముప్పై ఏండ్లు పలకల గనిలో పనిచేసినాడు. అక్కడ పారేసే ముక్కలు బండికెత్తించి తెచ్చి, చెట్టు మొదలు చుట్టూ నడుమెత్తు అరుగు పేర్చినాడు. మా వీధిలో సగం ఇండ్లలో ఇంతే. ఎండాకాలం పలక చల్లగా ఉంటుంది, పడుకోవచ్చు అని అందరి తెలివీ. చెట్టుకు ఊపిరాడదని ఒక్కరికీ తోచలేదు.

ఆయనకు ఒక అలవాటు. ఏ పలక తీసుకున్నా వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే మంచిది. డొల్లగా పలికితే లోపల చెడినట్టు. చచ్చిపోయే ఏడాది ఆ వేపనూ అట్లే కొట్టి చూసినాడు.

"ఇది పోయింది, శ్రీశైలమ్మా. కొట్టించెయ్."

నేను వినలేదు.

ఆయన పోయిన మూడో ఏడు పైకొమ్మలు ఎండినాయి. పలకల సందుల్లో పుట్టగొడుగులు లేచినాయి. చెట్టు ఇంటి వైపు ఒరిగింది, అవతలి వైపు నేల నెర్రె విచ్చింది. మాన్లు కొట్టే నాగులు వచ్చి నాలుగు పలకలు తీసి గడ్డపార గుచ్చితే మూరెడు లోపలికి దిగింది.

"మొదలంతా కుళ్ళింది పెద్దమ్మా. గాలివాన రాకముందే కొట్టెయ్యాల."

"నీకు మాను కావాల, అందుకే అంటున్నావు."

"కుళ్ళిన మానుతో నేనేం చేసుకుంటా? పొయ్యిలో పెడితే పొగే గానీ మంట రాదు."

కోడలు రమణి చంకలో పాపతో నిలబడింది. "కొట్టిద్దాం అత్తా. పాప ఉయ్యాల ఈ కొమ్మకే కదా కట్టేది."

"మీ మామ చేతులతో పేర్చిన అరుగు. నేను పోయినాక ఏమన్నా చేసుకోండి."

"అరుగుకున్న విలువ మాకు లేదులే," అని నవ్వింది. ఆ నవ్వు నాకు కోపం తెప్పించింది. నాగులును పంపేసినాను.

వైశాఖంలో ఒక సాయంత్రం. కొడుకు రామాంజి పనికి పోయినాడు. కరెంటు పోయింది. గాలి ఆగిపోయింది. ఆకు కదల్లేదు. ఎండిన దుమ్ము వాసన, దాని అడుగున తడి కుళ్ళు వాసన. పాప కొమ్మకు కట్టిన ఉయ్యాల్లో నిద్రపోతుంది. అరుగు పక్కన కట్టేసిన మేక తాడు తెంచుకునేట్టు గుంజుతుంది.

టక్... టక్.

అరుగు మీద ఎవరూ లేరు. అరుగెక్కి మానుకు చెవి ఆనించినాను. లోపలి నుంచి... టక్, టక్. తర్వాత నిశ్శబ్దం. అవతల ఎవరో చెవి పెట్టి వింటున్నట్టు... మళ్ళీ. టక్. టక్.

"ఎవరత్తా?" రమణి గుసగుసగా అడిగింది.

ఎవరో నాకు తెలుసు. "పాపను తియ్యి," అన్నాను.

గాజులు గలగలమంటుండగా తీసి నా చేతుల్లో పెట్టింది. అంతలో గాలి విరుచుకుపడింది. నేను ఇంట్లోకి ఉరికినాను. రమణి మేకను విప్పడానికి వెనక్కి పోయింది. మేక పోతే పోనీ, రా అని అనలేదు నేను. ఆ మాట ఈ రోజుకీ నా గొంతులోనే ఉంది.

చెట్టు విరగలేదు. వేర్లతో సహా లేచి, ఇంటికి అందకుండా వాకిట్లోనే వాలింది. పలకలు పగిలిన చప్పుడు... తర్వాత మేక అరుపు. రమణి అరవలేదు.

కర్మకాండ అయినాక నాగులు మాను కోసినాడు. లోపల మనిషి పట్టేంత డొల్ల. నన్ను పిలిచినాడు.

"ఇదేంది పెద్దమ్మా?"

డొల్ల లోపలంతా ముట్టుకుంటే రాలే పొడి. మనిషి రొమ్మెత్తున, పిడికిలంత మేర మాత్రం గట్టిగా, నున్నగా మెరుస్తుంది. ఏండ్ల తరబడి లోపలి నుంచి ఎవరో తట్టి తట్టి అరగదీసినట్టు.

ఇప్పుడు పాప ఉయ్యాల ఇంట్లో దూలానికి కట్టినాము. అది గట్టి దూలమని రామాంజి అంటాడు.

నిన్న దీపం పెట్టే వేళ... టక్, టక్. ఉయ్యాల పైన. దూలం డొల్లగా పలికింది.

పాపను ఎత్తుకొని గోడకు ఆనుకున్నాను. కొంచెం ఆగి మళ్ళీ తట్టింది. ఈసారి మెల్లగా, వేరే చెయ్యి...

దాంతో పాటే గాజుల చప్పుడు.