గొంతు మారిన తోడు

మధ్యాహ్నం మూడు గంటలు. ఎండ చురుక్కుమంటోంది, గాలి లేదు. సముద్రం పళ్లెంలో పోసిన నూనెలా ఉంది. అలాంటి నీళ్లంటేనే సత్యవేణికి భయం.

రేవులోని పడవలన్నీ వేటకెళ్లాయి. వాటిలో ఒకదాన్ని నడుపుతున్నది ఆమె కూతురు రేవతి.

ఆ కాలంలో ప్రతి పడవకీ అడుగున ఒక సెన్సర్ ఉండేది. నీటి ఒత్తిడిలో తేడాని పసిగట్టి తక్కిన పడవలకు చెప్పేది. అన్నీ కలిస్తేనే గాలివాన ఎటు నుంచి వస్తుందో తెలుస్తుంది. ఒంటరి పడవ చెవిటిదే. ఈ పని చేసి, పడవవాళ్లకు మాటల్లో చెప్పే సాఫ్ట్‌వేర్ పేరు ‘తోడు’. రాసింది సత్యవేణి, ఆమెతోపాటు ఎక్కడెక్కడివాళ్లో ఎందరో. ఓపెన్ సోర్స్. ఎవరైనా వాడుకోవచ్చు.

దాన్ని తన సర్వర్లలో పెట్టి నడిపే ఫౌండేషన్ ఆ మధ్యాహ్నమే మాట మార్చింది. ఇకమీదట సభ్యులైన కంపెనీల పెద్ద ట్రాలర్ పడవలకే తోడు. చిన్న పడవలకు కట్.

“కోడ్ పట్టుకెళ్లండి మేడమ్, మీ హక్కు,” అన్నాడు వీడియో కాల్‌లో దాని డైరెక్టర్ విశ్వంభర్. “పేరూ, పలికే గొంతూ మాత్రం మావి.”

“నీళ్లమీదున్న మనుషులు ఎవరివాళ్లండీ?”

ఆమె కాల్ కట్ చేసింది.

చేపలమ్మే ఆడవాళ్లు కొత్త ఫౌండేషన్ ఒకటి అప్పటికే రిజిస్టర్ చేయించారు. ఐసు ఫ్యాక్టరీలో చల్లటి గది సర్వర్లకిచ్చారు. మెల్లగా మారదామనుకున్నారు. ఇక మెల్లగా ఏమిటి? సత్యవేణి ప్రాజెక్టు మొత్తాన్ని అక్కడికి మార్చేసింది.

అందులో చేరాలంటే ఇప్పుడు ప్రతి పడవా ‘సరే’ నొక్కాలి. కొత్త గొంతు అందరినీ అడిగింది. ఒక్కరూ నొక్కలేదు.

ఒక పడవ నుంచి రేడియోలో ఎల్లాజీ ముసలాయన అరిచాడు. “ఎవర్తివే నువ్వు? మా తోడు గొంతు నాకు తెల్దేటి?”

“నేనూ నొక్కను,” అంది రేవతి. “కొత్త గొంతు ఏం చెప్పినా వినొద్దంది మాయమ్మ.”

నిజమే. దొంగ సందేశాల భయంతో అందరికీ నూరిపోసింది సత్యవేణే.

దక్షిణాన ఆకాశం అంచు నల్లబడింది. ఒడ్డున సత్యవేణి రేడియో మైకు లాక్కుంది.

“వినొద్దన్నదీ నేనే, వినమంటున్నదీ నేనే! ఎల్లాజీ మావా, నీ పెద్దరికం ఒడ్డుకొచ్చాక చూపించు. రేవతీ, నొక్కుతావా, నన్ను ఈదుకుంటూ రమ్మంటావా?”

“యంత్రం ఇలా తిట్టదర్రా,” అన్నాడు ఎల్లాజీ. “ఇది మన వేణే. నొక్కండి!”

పడవలు ఒక్కొక్కటే చేరాయి. కొత్త తోడుకి చెవులొచ్చాయి. గాలివాన దారి తేలింది. అందర్నీ పడవలు రేవువైపు, ఉత్తరానికి తిప్పమంది. అంతలో కంపెనీ ట్రాలర్ ఒకటి తననీ చేర్చుకోమంది. చిన్న పడవల్ని వదిలించుకున్నాక దాని పాత తోడుకి ఏమీ వినపడటం లేదట.

“వాళ్లనీ రానిస్తావేటి?” అంది పక్కనే ఉన్న చేపలమ్మే పైడితల్లి.

“రానీ.”

జోరువానలో పడవలు రేవు చేరాయి. అన్నీ వచ్చేశాయని స్క్రీన్ మీద పచ్చటి చుక్కలు. యంత్రాన్ని నమ్మమని ఊరందరినీ కసిరిన మనిషి, తను నమ్మలేక జెట్టీ మీదికి పరిగెత్తింది. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టింది. ఎల్లాజీ మావ. అప్పలకొండ, అతని తమ్ముడు. ట్రాలర్ మనుషులు ఆరుగురు.

తడిసి ముద్దయిన రేవతి పడవలోంచి దూకింది. “ఏటమ్మా, అందరూ వింటండగా అలా తిట్టేసేవు?”

లెక్క తప్పింది. సత్యవేణి ముడిచిన వేళ్లన్నీ విప్పేసి మళ్లీ మొదలుపెట్టింది.

“రేవతి. ఒకటి.”