వెనకసీటుకో బ్రేకు

సైకిల్ ఆగలేదు.

జ్ఞానప్రసూన రెండు బ్రేకులూ గట్టిగా నొక్కింది. అయినా ఆగలేదు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల వెనక దిగుడు దారిలో జోడు సైకిల్ సర్రున జారిపోయి, ఇసక గుట్టలో దూరింది. ముందు సీటులో ఉన్న ప్రసూన మెత్తగా ఇసకలో పడింది. వెనక సీటులో ఉన్న తమ్ముడు మల్లేశు మాత్రం పక్కనున్న ఇటుకల మీద పడ్డాడు. పాపం, మోకాలు చెక్కుకుపోయింది.

ప్రసూన లేస్తూనే కయ్యిమంది.

"నువ్వు ఎనకాల కదిలేవు! అందుకే పడ్డాం!"

"నాను కదల్నేదప్పా."

"కదిలేవు! లేపోతే బ్రేకెందుకు పట్టదు?"

మల్లేశు ఏడవలేదు. మోకాలి మీది ఇసక దులుపుకున్నాడు.

"ఇంక నీ ఎనక నానెక్కను," అని కుంటుకుంటూ ఇంటికి పోయాడు.

ప్రసూనకు పందెం గుర్తొచ్చింది. ఆదివారం వీధి క్లబ్బు వాళ్ల జోడీల పందెం. ఒక సైకిల్, ఇద్దరు మనుషులు. మిగతా జోడీల్లో ఒకరు తొక్కుతుంటే ఒకరు క్యారియర్ మీద ఊరికే కూర్చుంటారు. ఇద్దరూ తొక్కే సైకిల్ వీళ్లదొక్కటే. నాన్న గవరయ్య రెండు పాత సైకిళ్లను అతికించి మరీ తయారు చేశాడు. ఇప్పుడు వెనక మనిషే లేకపోతే ఎలా?

"ముందు బ్రేకు సంగతి తేలుస్తాను," అనుకుంది ప్రసూన.

లోడ్‌షెడ్డింగ్‌తో ఇంట్లో ఉక్క పోస్తోంది. వరండాలో సైకిల్ తలకిందులుగా పెట్టింది. బ్రేకు వైరు బిగించింది. చక్రం తిప్పి నొక్కింది. జారింది. రబ్బరు షూలు రిమ్ముకు సరిగ్గా ఆనేలా సర్దింది. మళ్లీ జారింది. ఇంకా బిగించింది. చెమటలు కారాయి గానీ, ప్రసూన పట్టుదల మాత్రం వదల్లేదు.

నుదురు తుడుచుకోబోతూ వేళ్లు చూసుకుంది. జిడ్డుగా, పచ్చగా ఉన్నాయి.

రిమ్మును తడిమి చూసింది, అక్కడా అదే జిడ్డు.

నిన్న విశ్వకర్మ పూజ. నాన్న పనిముట్లతోపాటు సైకిల్‌కీ పూజ చేశారు. "బొట్టెట్టు, సాలు," అని అమ్మ నరసమ్మ చెప్పింది. ప్రసూన వింటేగా! తళతళ మెరవాలని రిమ్ములకు కూడా ఆవనూనె పట్టించి, పైన పసుపు రాసింది. నూనె రాసిన చక్రాన్ని ఏ బ్రేకు పట్టుకుంటుంది?

తమ్ముడి మోకాలు గుర్తొచ్చి సిగ్గేసింది. తిన్నగా లోపలికి వెళ్లింది.

"ఒరే, నువ్వు కదల్నేదు. నానే రిమ్ములకి నూనె రాసేను. తప్పు నాదే."

మల్లేశు తన మోకాలు చూసుకున్నాడు.

"ఐతే నాకూ ఓ బ్రేకెట్టు. ముందుకి సూస్తే నాకు నీ యీపే అగుపడతాది. ఆపాలంటే నా సేతిలో ఏటీ నేదు."

రెండు బ్రేకులూ తన చేతిలో ఉంటేనే ప్రసూనకు ఇష్టం. అయినా తల ఊపింది.

ఇద్దరూ సబ్బు నీళ్లతో రిమ్ములు తోమారు. షూలను గరుకు కాగితంతో రుద్దారు. వెనక చక్రం బ్రేకు పిడిని నాన్న విప్పి, మల్లేశు హ్యాండిల్‌కు బిగించాడు. ఇద్దర్నీ ఎక్కించి, పక్కన పరిగెడుతూ దిగుడు దారిలో నడిపించి చూశాడు. ఈసారి సైకిల్ బుద్ధిగా ఆగింది.

ఆదివారం పందెంలో క్లబ్బు నడిపే బాపీదా ఈల వేశాడు. అక్కాతమ్ముళ్లు దూసుకుపోయారు. వేగం పెంచమని "జోరే! జోరే!" అంటూ జనం అరుస్తున్నారు. అందరికంటే ముందు వీళ్లే. ప్రసూన వంగి, ముగింపు తాడు మీదే చూపు పెట్టి తొక్కుతోంది. తాడు దగ్గరికి వచ్చేసింది.

కిర్రుమంటూ వెనక చక్రం పట్టేసింది. సైకిల్ ఆగిపోయింది. వెనక జోడీ వాళ్లు అవతలి పక్కనుంచి దాటిపోయారు.

ప్రసూనకు ఒళ్లు మండిపోయింది. తిట్టు నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, వెనక్కి తిరిగి అడిగింది.

"ఏటి సూసేవురా?"

మల్లేశు ఎడమవైపు చూపించాడు. తెగిన గాలిపటం కోసం ఆకాశంలోకి చూస్తూ ఒక బుడతడు పరిగెత్తుకొచ్చాడు. సరిగ్గా వాళ్ల ముందు చక్రాన్ని రాసుకుంటూ దాటిపోయాడు. ఇటు చూడనే లేదు.

ప్రసూన ఒక కాలు నేల మీద ఆనించింది. ఇంకో జోడీ కూడా దాటిపోయింది.

"ఇంక ఎల్దామా?"

"ఆగప్పా. ఆడెనక ఇంకోడొత్తన్నాడు."

ప్రసూన పెడల్ మీద కాలు పెట్టుకుని ఆగింది. రెండోవాడు కూడా దాటి, అవతల గడ్డిలోకి చేరాడు. మల్లేశు బ్రేకు వదిలాడు.

"ఇప్పుడు తొక్కు," అన్నాడు.

అప్పుడు తొక్కింది ప్రసూన.