వెనక్కి చూడని డ్రైవర్

"తాతయ్యా! అది బస్సు కాదు! అంత దూరం తిప్పక్కర్లేదు!"

బుల్లెట్ అరుపు పూర్తయ్యేలోపే సైకిల్ వీధి మలుపులో మొక్కల కంచెలోకి దూరిపోయింది. ఆకుల్లోంచి తాతయ్య తల బయటికొచ్చింది.

"ఏం చెయ్యను తల్లీ! మలుపు కనిపిస్తే చాలు, నా వెనకాల ఇంకా బోలెడంత బస్సు ఉన్నట్టే అనిపిస్తుంది."

బుల్లెట్‌కి పదేళ్ళు. ఏ పనైనా పరుగు మీదే చేస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు. తాతయ్య బస్సు డ్రైవర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. అంత పెద్ద బస్సు నడిపిన మనిషికి సైకిల్ రాదు! చిన్నప్పుడు కొనిపెట్టేవాళ్ళు లేరు, పెద్దయ్యాక తీరిక లేదు. ఇప్పుడు తీరిక ఉంది, అమ్మ పాత సైకిల్ ఉంది, నేర్పడానికి మనవరాలుంది. సెలవులు అయ్యేలోపు బుల్లెట్‌తో కలిసి పార్కు చుట్టూ సైకిల్ తొక్కాలని ఆయన పట్టు పట్టాడు.

వాళ్ళకో పద్ధతి ఉంది. బుల్లెట్ వెనకనుంచి సీటు పట్టుకుని "రైట్ రైట్!" అంటుంది. అప్పుడే తాతయ్య పెడల్ తొక్కుతాడు. వెనక్కి మాత్రం చూడడు.

"కండక్టర్ రైట్ అన్నాక డ్రైవర్‌కి వెనక్కి చూసే పనేంటి?" అంటాడు.

సైకిల్‌ని కంచెలోంచి లాగి, బుల్లెట్ మళ్ళీ సీటు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే తన క్లాసు పిల్లలు సైకిళ్ళ మీద వచ్చారు.

"ఏంటే, తాతగారికి ట్యూషనా?" అంది రెండు జడల పిల్ల. "మా తమ్ముడు వారంలో నేర్చేసుకున్నాడు!"

అందరూ కిసుక్కున నవ్వారు. బుల్లెట్‌కి తల కొట్టేసినట్టయింది. సీటు వదిలేసి పక్కకి జరిగింది.

"ట్యూషన్ లేదు, ఏం లేదు. ఊరికే నిలబడ్డాను."

"రైటా?" ముందుకే చూస్తూ అడిగాడు తాతయ్య. ఈ గోలంతా ఆయన చెవిన పడలేదు.

"రైట్... రైట్," అనేసింది బుల్లెట్, ఆయన త్వరగా అక్కణ్ణుంచి వెళ్ళిపోతే చాలనుకుని.

తాతయ్య తొక్కాడు. సైకిల్ అటు ఊగింది, ఇటు ఊగింది, ధడేలున పడింది.

తాతయ్య లేచి కూర్చుని వెనక్కి చూశాడు. బుల్లెట్ ఎంత దూరంలో ఉందో కనిపించింది. ఆయన లేచి, కుంటుతూ సైకిల్ నడిపించుకుని ఇంటివైపు వెళ్ళాడు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఇంట్లో అమ్మ ఆయన మోకాలికి కట్టు కట్టింది.

"ఈ వయసులో సైకిలెందుకు నాన్నా? హాయిగా టీవీ చూసుకోవచ్చుగా!"

"టీవీ ముందు కూర్చుంటే నిన్నకీ ఇవాళకీ తేడా తెలియట్లేదమ్మాయ్. సైకిల్ మొదలెట్టాక ఇవాళ ఎంత దూరం పోతానో అని పొద్దున్నే మెలకువ వచ్చేస్తోంది. మళ్ళీ చిన్నపిల్లాణ్ణి అయినట్టుంది. మోకాలిదేముంది, అదే మానుతుంది."

తలుపు చాటున బుల్లెట్ అంతా వింది. చాలా సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న బుల్లెట్ లేచేసరికి తాతయ్య వీధిలో ఉన్నాడు. ఒక చెయ్యి గోడకి ఆనించి, కుంటుతూ, ఒక్కడే సైకిల్‌తో కుస్తీ పడుతున్నాడు.

"తాతయ్యా, నిన్న నేను సీటు పట్టుకోకుండానే రైట్ అన్నాను. వాళ్ళు నవ్వారని."

"తెలుసు."

"ఇంకెప్పుడూ అలా చెప్పను."

తాతయ్య గోడ మీంచి చెయ్యి తీశాడు. "అయితే డ్యూటీ ఎక్కు."

బుల్లెట్ సీటు పట్టుకుంది. ఇవాళ ఒక్కసారైనా వెనక్కి చూసుకుంటాడనుకుంది. ఆయన చూడలేదు. బుల్లెట్ సీటుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

మలుపు దగ్గర మళ్ళీ ఆ పిల్లలే.

"ఇవాళ కూడానా!" అంది రెండు జడల పిల్ల.

"ఇవాళే కాదు, వచ్చేదాకా! మా తాతయ్య సైకిల్ నేర్చుకుంటున్నాడు. కాస్త దారివ్వండి!" అని, వీధంతా వినపడేలా అరిచింది బుల్లెట్. "రైట్ రైట్!"

సైకిల్ కదిలింది. బుల్లెట్ వెనకాలే పరుగెత్తింది. కాసేపటికి హ్యాండిల్ వణకడం ఆగింది.

"తాతయ్యా, వదిలేస్తున్నాను! నిజంగా వదిలేస్తున్నాను!"

"వదిలెయ్!"

వదిలేసింది. సైకిల్ పడలేదు. మలుపులో తాతయ్య యథాప్రకారం బస్సులాగే వెడల్పుగా తిప్పాడు. పిల్లలు గబగబా పక్కకి తప్పుకున్నారు. కంచె ఆకులు ఆయన చొక్కాకి రాసుకున్నాయి, అంతే.

మలుపు అవతలినుంచి కేక వినిపించింది.

"కండక్టరమ్మా! బస్సు పార్కుకి వెళ్ళిపోతోంది. వస్తావా, రావా?"

బుల్లెట్ తన సైకిల్ కోసం ఇంట్లోకి ఒకటే పరుగు.