కిటికీలో సూర్యుడు

వాచీ పోయింది.

చౌటుప్పల్‌లో హైవే పక్కన మూడంతస్తుల కొత్త ఇల్లు. ఉదయం గృహప్రవేశం, వ్రతం. మధ్యాహ్నం భోజనాలు నడుస్తుండగా ఇంటాయన విజేందర్ కేక పెట్టాడు. ప్లాట్ల వ్యాపారి. ఆయన కేకకు పంక్తి మొత్తం ముద్ద చేతిలోనే ఆపేసింది.

ఎస్సై అనూహ్య వచ్చేసరికి హాల్లో నేల మీద ఓ చేతిసంచి బోర్లించి ఉంది. దువ్వెన, టిఫిన్ డబ్బా, పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు, పోలీస్ ట్రైనింగ్ ఆర్డరు.

పక్కనే ఆ సంచి తాలూకు అమ్మాయి. పేరు మనీష. వంటవాళ్ల తరఫున నీళ్లందించడానికి వచ్చింది. సోమవారం కానిస్టేబుల్ ట్రైనింగ్‌లో చేరాలి. ఈలోగా దొంగతనం కేసు పడితే ఉద్యోగం గంగలో కలిసినట్టే. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఏడుపు దిగమింగుకుని నిలబడింది.

"సంచి ఎవరు కుమ్మరించిన్రు?" అంది అనూహ్య.

"నేనే." విజేందర్ సోఫాలోంచి లేవలేదు. "మీరొచ్చేదాక ఆగాల్నా?"

"దొరికిందా?"

"దొరకలే. ఎవనికో అందించి ఉంటది. స్టేషన్‌కు తీస్కపోయి నాలుగు తగిలిస్తే కక్కుతది."

అనూహ్య అతన్ని తేరిపార చూసింది. మెడలో దున్నపోతును కట్టేసేంత గొలుసు. ఒంటిమీద పట్టుచొక్కా. ఎండకు చెమటలు కారుతున్నాయి. చొక్కా కుడి చెయ్యి మోచేతి దాకా మడిచాడు. ఆ మణికట్టున కంకణం, పసుపు ఇంకా ఆరలేదు. ఎడమ చేతికి మాత్రం గుండీ బిగించుకున్నాడు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త షావుకారూ అంతే.

"ఏం వాచీ?"

"వాలెమోర్. స్విస్ కంపెనీ. పోలీసోళ్లు పేరు గూడ విని ఉండరు." ఫోన్ తీసి ఫోటో చూపించాడు. మిట్టమధ్యాహ్నం, వెంచర్ ఓపెనింగ్. రిబ్బన్ మీద ఎడమ చెయ్యి, ఆ చేతికి వాచీ. డయల్ కింది భాగంలో అర్ధచంద్రాకారపు కిటికీ. అందులో బంగారు రంగు సూర్యుడు. "చూసిన్రా? పగలు సూర్యుడొస్తడు, రాత్రికి చంద్రుడొస్తడు. గదీ స్విస్సోళ్ల తెలివి!"

"చేతికెల్లి ఎప్పుడు తీసిన్రు?"

"వ్రతంల. అయ్యగారు కంకణం కడ్తుంటే అడ్డమొచ్చింది. తీసి పళ్లెంల పెట్టిన. గా పళ్లెం ఈ పిల్లే తీస్కపోయింది."

"ఈమె వాచీ తీస్తుంటే చూసిన్రా?"

"చూడాల్నా? నీళ్లు పోసేటోళ్లు గాక, మేం దొంగతనం చేస్తమా?"

మనీష తలెత్తకుండానే చెప్పింది. "పళ్లెంల తమలపాకులు, అక్షింతలే ఉండె మేడం. తీస్కపోయి అమ్మగారి చేతికే ఇచ్చిన."

"అబద్ధం!" అన్నాడు విజేందర్.

మూలన కుర్చీలో ఓ పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. అంజయ్య, నల్లగొండ, రిటైర్డ్ ఇంజనీరు. విజేందర్‌కు కాబోయే వియ్యంకుడు. సాయంత్రం సంబంధం ఖాయం చేసుకోవడానికి వచ్చాడు. ఆయన చేతికీ ఓ వాచీ ఉంది.

"నాది గూడ వాలెమోరే మేడం. ఇయ్యాల రెండు పక్కపక్కన పెట్టి చూద్దామనుకున్నం."

"అనుకున్నది ఎప్పుడు?"

"పొద్దుగాల. బయలెల్లేటప్పుడు ఫోన్ చేసి చెప్పిన. అప్పటిదాక నాకు ఉన్నదని ఈయనకు తెల్వది."

అడగకుండానే అంజయ్య వాచీ విప్పాడు. మంచు లోయలో అన్నదమ్ములిద్దరు మొదలుపెట్టిన కంపెనీ అట. కేసు అంచుకు పాత రూపాయి బిళ్లకున్నట్టు గీతలు. ఆకు ఆకారంలో నీలం ముళ్లు. తరాలు మారినా ఈ గుర్తులు మారలేదట. పురాణం విప్పినంత శ్రద్ధగా చెప్పుకుపోయాడు.

"ఇగ అన్నిటికన్న పెద్ద గుర్తు గీ కిటికీ. దీంట్ల చంద్రుడొక్కడే. అమాస నుంచి అమాస దాక మెల్లగ నడుస్తడు. కంపెనీ పుట్టి నూట ఎనభై ఏండ్లాయె. గీ కిటికీల సూర్యుణ్ని ఒక్కనాడు పెట్టలే."

అనూహ్య ఆయన వైపు తిరిగింది. "నూట ఎనభై ఏండ్ల ముచ్చట మీకు తెలుసు. కండ్ల ముందట ఆడపిల్ల సంచి కుమ్మరిస్తుంటే మాత్రం నోరు లేవలే."

అంజయ్య తలవంచుకున్నాడు.

ఆమె విజేందర్ ఫోన్ ఆయన ముందు పెట్టింది. "ఇది జర చూడుండ్రి."

అంజయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "సూర్యుడు! నకిలీ మేడం ఇది. నెలంత నడిచే చంద్రుణ్ని చేసే ఓపిక లేక, రోజుకో చుట్టు తిరిగే బిళ్ల పెట్టిన్రు."

విజేందర్ ముఖం నల్లబడింది. అయినా తగ్గలేదు. "నాకమ్మినోడు మోసం జేసిండు! నకిలీదైతేంది, దొంగతనం దొంగతనమే గద?"

"మగోళ్లకు కంకణం ఏ చేతికి కడ్తరు?"

"కుడిచేతికి."

"ఫోటోల వాచీ ఏ చేతికున్నది?"

విజేందర్ ఫోన్ కోసం చెయ్యి చాచాడు.

"కుడిచేతికి కంకణం కడ్తుంటే ఎడమచేతి వాచీ ఎట్ల అడ్డమొచ్చింది?"

హాలు నిండా చుట్టాలు. ప్రతి మగవాడి కుడి మణికట్టునా ఎప్పుడో ఒకప్పుడు ఆ పసుపుదారం పడ్డదే. ఒక్కడికీ తట్టలేదు. డబ్బున్నవాడు చెప్పాడు, వీళ్లు తలూపారు.

"వాచీ నకిలీదని మీకు ముందే తెలుసు," అంది అనూహ్య. "పొద్దున వియ్యంకుని ఫోన్ వచ్చింది. పక్కపక్కన పెడితే పరువు పోతది. వాచీ పోయిందంటే పరువు దక్కుతది. పోయిందనాలంటే ఓ దొంగ కావాలె. నీళ్లు పోసే పిల్ల దొరికింది. ఆమె బతుకేమైతే మీకేంది?"

"రుజువు?"

"కుడి చెయ్యి మడుచుకున్నరు. ఎడమదానికి గుండీ ఎందుకు? తీయుండ్రి."

విజేందర్ కదల్లేదు. అంజయ్యే లేచి ఆ గుండీ విప్పాడు.

వాచీ అక్కడే ఉంది. చేతిని వదిలిపోనే లేదు. ఇంటి నిండా జనం. దాచుకోవడానికి తన చొక్కా చెయ్యి తప్ప నమ్మకమైన చోటు ఆ మనిషికి దొరకలేదు. సొంతదారుణ్ని ఎవడు సోదా చేస్తాడనుకున్నాడు.

అంజయ్య కండువా సర్దుకుని గుమ్మం దాటాడు. సంబంధం మాట ఎవరూ ఎత్తలేదు.

"తప్పుడు ఫిర్యాదు కేసు పెడ్తున్న. పోదాం నడువుండ్రి," అంది అనూహ్య. విజేందర్ లేవబోయాడు. ఆమె నేల వైపు చూపించింది. "ముందు అవి ఏరి సంచిల పెట్టుండ్రి. కుమ్మరించిన చేతులతోనే."

విజేందర్ చుట్టాల వైపు చూశాడు. ఒక్కడూ ముందుకు రాలేదు. మోకాళ్ల మీద కూర్చున్నాడు. దువ్వెన పెట్టాడు. డబ్బా పెట్టాడు. ఫోటోలు, ఆర్డరు పెట్టాడు. సంచి అందించి లేవబోయాడు.

మనీష సంచి అందుకోలేదు. కళ్లు తుడుచుకుంది. ఈసారి తలెత్తింది.

"పెన్ను సోఫా కిందికి పోయింది సార్. గది గూడ తీయుండ్రి."

విజేందర్ బోర్లా పడుకుని ఎడమ చెయ్యి సోఫా కిందికి చాచాడు. వాచీలో టైము రెండున్నర. కిటికీలో సూర్యుడున్నాడు.